స్వతంత్ర అభ్యర్థి: తెన్నేటి విశ్వనాథం గారి జీవితం

ఎన్నికల ఋతువు ప్రవేశించిందంటే మా రోలుగుంటలో ప్రతి వాకిటికీ రెండు జట్ల మనుషులు వస్తారు. ఒక జట్టు మెడలో ఒక రంగు కండువా, రెండవ జట్టు మెడలో మరొక రంగు కండువా. చెప్పే మాట మాత్రం ఒక్కటే. వెనుకటి ఎన్నికలలో ఆ కండువాతో వచ్చిన పెద్దమనిషి ఈసారి ఈ కండువాతో వచ్చి, అదే చెరువుకు అదే మరమ్మతు చేయిస్తానని అదే వాకిట్లో నిలబడి చెప్పగలడు. వినేవారికి నవ్వూ రాదు, కోపమూ రాదు. టీ దుకాణం బల్లమీద మా పక్కన కూర్చున్న ఒక చెరకు రైతు, ఏ పార్టీ గెలిచినా కాటా దగ్గర తన బండి నిలబడే గంటలు తగ్గలేదని, అయినా ఓటు వేయకుండా ఉండలేకపోతున్నానని మాతో చెప్పుకున్నాడు. ఒకరి మీది కోపంతో రెండవవారికి, రెండవవారి మీది కోపంతో మళ్లీ మొదటివారికి ఓటు వేస్తూ ఆయనకు అరవై ఏళ్లు నిండాయి.

ఈ సంగతి తరగతిలో ప్రస్తావనకు వచ్చినప్పుడు, తొలిసారి ఓటుహక్కు పొందిన ఒక విద్యార్థిని మమ్మల్ని ఒక ప్రశ్న వేసింది. ఓటు యంత్రం మీద పార్టీల గుర్తుల దిగువన స్వతంత్ర అభ్యర్థుల పేర్లు కూడా ఉంటాయి కదా, వారిలో ఎన్నడైనా గెలిచినవారు, గెలిచి ఏమైనా సాధించినవారు ఉన్నారా అని. ఆ క్షణాన మాకు తోచిన పేరు తెన్నేటి విశ్వనాథం గారిది. పేరు చెప్పాము గాని, వివరం చెప్పేలోగా గంట కొట్టారు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

మా ఉర్దూ శాఖ మిత్రులు స్వతంత్ర అభ్యర్థిని ఆజాద్ ఉమ్మీద్‌వార్ అంటారు. ఉమ్మీద్ అంటే ఆశ. ఎన్నికలలో నిలిచేవాడు వారి భాషలో ఆశ పెట్టుకున్నవాడు. మన తెలుగులో అభ్యర్థి, అనగా అర్థించేవాడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం మీద ఒక ప్రత్యేక వ్యాసమే వ్రాయవచ్చు గాని, అది మరొక సంచికకు ఉంచుతాము.

విశ్వనాథం గారు 1895లో విశాఖపట్టణం జిల్లా లక్కవరంలో జన్మించారు. నాటి విశాఖపట్టణం జిల్లా వేరు, నేటిది వేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు మన చోడవరం, నర్సీపట్నం ప్రాంతాలు అనకాపల్లి జిల్లాలో చేరాయి. జిల్లా పేరు ఏదైనా, ఆయన ఈ నేలకు చెందిన మనిషి. న్యాయశాస్త్రం అభ్యసించి విశాఖపట్టణంలో న్యాయవాద వృత్తి చేపట్టారు. గాంధీమహాత్ముని పిలుపు ఆ వృత్తిని నిలువనీయలేదు. 1930లో విశాఖ సముద్రతీరాన జరిగిన ఉప్పు సత్యాగ్రహంలో దిగుమర్తి వెంకటరామస్వామి గారు మొదలైన వారితో పాటు ఆయన ముందు నిలిచారు. కారాగారవాసం అనుభవించారు. ఆ తరం నాయకుల జీవితాలన్నింటిలోనూ ఈ అధ్యాయం ఉంటుంది కనుక ఇక్కడ ఎక్కువసేపు నిలువము.

ఆయన జీవితంలోని అసలు మలుపులన్నీ టంగుటూరి ప్రకాశం పంతులు గారితో ముడిపడి ఉన్నాయి. ఇద్దరూ న్యాయవాదులు, ఇద్దరూ సంపాదనను వదులుకున్నవారు, ఇద్దరికీ కాంగ్రెసు తల్లి వంటిది. 1946 ఏప్రిల్‌లో ప్రకాశం గారు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. పదకొండు నెలలు తిరగకముందే 1947 మార్చిలో ఆ మంత్రివర్గం పడిపోయింది. పడగొట్టినది ప్రతిపక్షం కాదు, సొంత పక్షమే. ప్రజలు ఎన్నుకున్న వానిని ప్రజల ప్రమేయం లేకుండా పార్టీ గదిలో దింపివేయవచ్చునని ప్రకాశం గారి అనుచరులు అప్పుడు తెలుసుకున్నారు. వారిలో విశ్వనాథం గారు ముఖ్యులు.

1951లో ప్రకాశం గారు కాంగ్రెసును వీడారు. విశ్వనాథం గారు ఆయన వెంట నడిచారు. మొదట ప్రజాపార్టీ; ఆ తరువాత ఆచార్య కృపలానీ గారితో కలిసి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ. ఆ రోజులలో తెలుగు జిల్లాల ఓటరు ముందు రెండు పెద్ద పక్షాలు నిలిచి ఉన్నాయి. స్వాతంత్ర్యం తెచ్చిన కీర్తితో, అధికారం తెచ్చిన అలసత్వంతో కాంగ్రెసు ఒకవైపు. తెలంగాణ సాయుధ పోరాటపు వేడి ఇంకా చల్లారని కమ్యూనిస్టు పార్టీ ఇంకొకవైపు. ఒకరి మీద విసుగు, ఒకరంటే బెదురు ఉన్న సామాన్యుడు మూడవ చోటు వెదికాడు. 1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152, కమ్యూనిస్టులకు 62, ప్రకాశం గారి కొత్త పార్టీకి 35 దక్కాయి. ఎవరికీ ఆధిక్యం లేదు. ప్రకాశం గారి నాయకత్వాన కాంగ్రెసేతరులు ఒక కూటమిగా ఏర్పడ్డారు. అయినా గవర్నరు రాజాజీ గారిని పిలిచారు. ఆయన ప్రజల ఓటుతో కాక విధాన పరిషత్తుకు నామినేషను ద్వారా వచ్చినవారు. ఓటరు కాంగ్రెసుకు ఆధిక్యం నిరాకరించిన తరువాత కూడా కాంగ్రెసే పాలించింది. మా టీ దుకాణం రైతు ఈ కథ వింటే ఆశ్చర్యపోడు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. పొట్టి శ్రీరాములు గారి ప్రాణం మీద నిలిచిన రాష్ట్రం అది. కర్నూలు రాజధాని. ప్రకాశం గారు ముఖ్యమంత్రి, విశ్వనాథం గారు ఆర్థిక, న్యాయ శాఖల మంత్రి. ఇక్కడ మేము ఒక మాట దాచకుండా చెప్పాలి. కాంగ్రెసును కాదని బయటికి వచ్చిన వారు, ఆ కాంగ్రెసు సభ్యుల మద్దతు మీదనే ఈ మంత్రివర్గాన్ని నిలబెట్టారు. అందుకోసం ప్రకాశం గారు తాము అప్పటికి ఉన్న ప్రజా సోషలిస్టు పార్టీని కూడా వదిలారు. ఇది అవకాశవాదమా, కొత్త రాష్ట్రానికి తప్పనిసరి అయిన సర్దుబాటా? ఆనాడు రెండు వాదాలూ వినిపించాయి. మా అభిప్రాయంలో ఇది సర్దుబాటే. అయితే ఓటరు కోణం నుంచి చూసినప్పుడు, కాంగ్రెసు వద్దని ప్రజాపార్టీకి ఓటు వేసిన మనిషికి చివరకు ఇద్దరూ కలిసిన ప్రభుత్వమే దక్కిందన్న నిజాన్ని దాటవేయలేము.

ఆ ప్రభుత్వం పదమూడు నెలలు బ్రతికింది. ఆ కొద్దికాలంలోనే 1954 జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసింది. అదే సంవత్సరం తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఖాళీ ఖజానాతో, డేరాలలో కార్యాలయాలతో మొదలైన రాష్ట్రానికి లెక్కలు చూసిన మంత్రి పని ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. మద్యనిషేధం ఆ ప్రభుత్వానికి గండమైంది. నిషేధం వల్ల జీవనోపాధి కోల్పోయిన గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న గారు పోరాడుతున్నారు. నిషేధం ఎత్తివేయవచ్చునని రామమూర్తి సంఘం ఇచ్చిన నివేదికను ప్రభుత్వం అమలు పరచలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం మీద ఓటింగు జరిగింది. అనుకూలంగా 69, ప్రతికూలంగా 68. ఒక్క ఓటుతో ప్రభుత్వం కూలిపోయింది. ఒక్క ఓటు వల్ల ఏమవుతుందని తరగతిలో అడిగే వారికి మేము ఎప్పుడూ ఈ రెండు అంకెలు నల్లబల్ల మీద వ్రాసి చూపుతాము.

1957 మే 20న ప్రకాశం గారు కన్నుమూశారు. ఆయన ఆత్మకథ నా జీవిత యాత్ర అప్పటికి సంపూర్ణం కాలేదు. దాని నాల్గవ భాగాన్ని విశ్వనాథం గారు వ్రాసి పూర్తి చేశారు. ఒకరి ఆత్మకథను మరొకరు పూర్తి చేయడం సాహిత్యంలో అరుదైన సంగతి. తెలుగు ఎం.ఏ. తరగతులలో ఆత్మకథా ప్రక్రియను గురించి చదివినప్పుడు మాకు ఇది వింతగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే, పార్టీ తరువాత పార్టీ మారిన ఆ మనిషి ఒకే ఒక వ్యక్తి వెంట మాత్రం చివరివరకూ మారకుండా నడిచాడని ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతున్నది.

ఇక 1966. దక్షిణాదిలో కొత్త ఉక్కు కర్మాగారానికి విశాఖపట్టణమే తగిన చోటని 1965లో బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం సూచించింది. కేంద్రం నిర్ణయం ప్రకటించకుండా నాన్చింది. అప్పుడు ఢిల్లీలోనూ కాంగ్రెసే, హైదరాబాదులోనూ కాంగ్రెసే. రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసి పంపినా ఢిల్లీ కదలలేదు. 1966 అక్టోబరు 15న గుంటూరు జిల్లాకు చెందిన టి. అమృతరావు గారు విశాఖపట్టణంలో నిరాహారదీక్ష ప్రారంభించారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం కళాశాలల నుంచి పల్లెలకు పాకింది. అఖిలపక్ష కార్యాచరణ సంఘానికి నాయకత్వం వహించినవారు విశ్వనాథం గారు.

ఆయననే ఎందుకు ఎన్నుకున్నారన్నది మాకు ముఖ్యమైన ప్రశ్న. కమ్యూనిస్టులు నాయకత్వం వహిస్తే స్వతంత్ర పార్టీవారు రారు. స్వతంత్ర పార్టీవారు వహిస్తే కమ్యూనిస్టులు రారు. అధికార పక్షంలోని అసంతృప్తులు ఇద్దరి వెనుకా నిలువలేరు. పార్టీ లేకపోవడం అంతవరకూ ఆయనకు లోటుగా ఉండేది. ఆ శరత్కాలంలో అదే అర్హత అయింది. అందరూ ఎక్కగలిగిన అరుగు ఆయనదొక్కటే.

1966 నవంబరు 1న విశాఖపట్టణంలో పోలీసు కాల్పులు జరిగాయి. తొమ్మిది మంది మరణించారు; వారిలో పసివాడు కూడా ఉన్నాడు. ఆ ఉద్యమకాలంలో రాష్ట్రమంతటా ప్రాణాలు కోల్పోయినవారు 32 మంది. ఎర్ర జెండావారు, ఖద్దరు వారు, ఏ జెండా లేనివారు ఆ గుంపులలో కలిసే నిలబడ్డారు. నవంబరు 3న అమృతరావు గారు దీక్ష విరమించారు. కర్మాగారం గురించి స్పష్టమైన ప్రకటన మాత్రం రాలేదు.

మూడు నెలల తరువాత సాధారణ ఎన్నికలు వచ్చాయి. 1967 ఫిబ్రవరిలో విశాఖపట్టణం లోక్‌సభ స్థానానికి విశ్వనాథం గారు స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి విజయం సాధించారు. అప్పటికి ఆయనకు దాదాపు డెబ్బది రెండేళ్లు. ఆ గెలుపు ఒక్కడి గెలుపుగా చెప్పుకుంటే పొరపాటు. ఆ ఏడు రాష్ట్ర శాసనసభలోని 287 స్థానాలలో కాంగ్రెసుకు 165 రాగా, రెండవ పెద్ద సమూహం ఏ పార్టీదీ కాదు. 68 మంది స్వతంత్రులది. లోక్‌సభలో 520 స్థానాలకు కాంగ్రెసు 283తో సరిపెట్టుకున్నది. స్వతంత్రులు 35 మంది గెలిచారు. కాంగ్రెసు మీద కోపం ఉండి, కమ్యూనిస్టు వైపు గాని స్వతంత్ర పార్టీ వైపు గాని పోవడానికి మనసొప్పని ఓటరు, తనకు తెలిసిన మనిషికి ఓటు వేశాడని ఈ అంకెలను మేము అర్థం చేసుకుంటున్నాము. ఆ స్వతంత్రులందరూ విశ్వనాథం గారి వంటివారే అనుకోరాదు. టిక్కెట్టు దొరకక నిలిచినవారు, జమీందారీ పలుకుబడితో నెగ్గినవారు, గెలిచిన మరునాడే పాలక పక్షంలో చేరడానికి సిద్ధపడ్డవారు అందులో ఉన్నారు.

లోక్‌సభలో ఒంటరి సభ్యుని స్థితి ఎలాంటిది? మాట్లాడే సమయం పక్షాల బలాన్ని బట్టి పంచబడుతుంది. వెనుక ఎవరూ లేని సభ్యునికి నిమిషాలే దక్కుతాయి. ఉక్కు కర్మాగారం ఆయన ప్రసంగాల వల్లనే వచ్చిందని చెప్పడం అతిశయోక్తి. 1969లో కాంగ్రెసు రెండుగా చీలింది. శ్రీమతి ఇందిరాగాంధీ ప్రభుత్వం లోక్‌సభలో మైనారిటీలో పడి, ఇతర పక్షాల మీదా స్వతంత్రుల మీదా ఆధారపడవలసి వచ్చింది. 1970 ఏప్రిల్ 17న విశాఖపట్టణం, సేలం, హోస్పేటలలో ఉక్కు కర్మాగారాలు నెలకొల్పుతామని ప్రధాని పార్లమెంటులో ప్రకటించారు. ఆధిక్యం ఉన్నప్పుడు నాలుగేళ్లు వినబడని మాట, ఆధిక్యం పోయిన ఐదు నెలలకు వినబడింది. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదని మేము అనుకుంటున్నాము; కాదనేవారు తమ వాదం చెప్పవచ్చు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. వెంటనే మార్చిలో మధ్యంతర ఎన్నికలు. ఇందిరా ప్రభంజనంలో విశాఖపట్టణం స్థానం కాంగ్రెసు అభ్యర్థి పి.వి.జి. రాజు గారికి దక్కింది. స్వతంత్రునికి జనం ఇచ్చిన కాలం నాలుగేళ్లే.

ఈ చిక్కు మన దేశానికే పరిమితం కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తమను ఏ పార్టీకీ చెందనివారుగా చెప్పుకునే ఓటర్లు నేడు పదిమందిలో నలుగురి దాకా ఉన్నారు. అయినా అధ్యక్ష పదవి డెమొక్రాట్లకో రిపబ్లికన్లకో తప్ప ఇంకొకరికి దక్కదు. 1992లో రాస్ పెరో అనే ధనికుడు రెండు పార్టీలనూ ధిక్కరించి నిలిచి నూటికి దాదాపు పందొమ్మిది ఓట్లు తెచ్చుకున్నాడు. అధ్యక్షుని ఎన్నుకునే ఎలెక్టోరల్ ఓట్లు మాత్రం ఒక్కటీ రాలేదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడు, మిగిలిన ఓట్లకు విలువ లేదు అన్న నియమం ఉన్నచోట, మూడవవానికి వేసిన ఓటు వృథా అన్న భయం ఓటరును వెనక్కి లాగుతుంది. మనమూ ఆ నియమాన్నే అనుసరిస్తున్నాము. అంతటి ధనం గల పెరోకు దక్కనిది విశ్వనాథం గారికి దక్కడానికి కారణం, ఆయన వెనుక ఒక జిల్లా జనం ఒక కోరికతో అప్పటికే నిలబడి ఉండటం.

1972–73లో ప్రత్యేకాంధ్ర ఉద్యమం వచ్చినప్పుడు ఆయన మళ్లీ వీథిలోకి వచ్చారు. 1954లో ప్రకాశం ప్రభుత్వాన్ని పడగొట్టడంలో ముందున్న లచ్చన్న గారు, ఆ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న విశ్వనాథం గారు ఈసారి ఒకే వైపున ఉన్నారు. ఆ ఉద్యమం ఫలించలేదు. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకంతో ముగిసింది. 1979లో విశ్వనాథం గారు పరమపదించారు. కర్మాగారం పూర్తయి జాతికి అంకితం కావడం ఆయన చూడలేదు. అది 1992 ఆగస్టు 1న జరిగింది.

ఆయన పోయిన తరువాత స్వతంత్రుని దారి మరింత ఇరుకయింది. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. దాని ప్రకారం స్వతంత్రునిగా గెలిచినవాడు ఆ తరువాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం కోల్పోతాడు. పార్టీ సభ్యులకు మాత్రం మూడింట రెండువంతుల మంది కలిసి వెళితే విలీనం అన్న వెసులుబాటు ఉన్నది. ఒంటరిగా గోడ దూకడం నేరం, గుంపుగా దూకితే విలీనం! 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. వారిలో అత్యధికులు ఫ్లోరైడు నీటి బాధ దేశానికి తెలియాలని నామినేషన్లు వేసిన సామాన్యులు. ఓటుపత్రం పుస్తకమంత అయింది. ఆ తరువాత ధరావతు సొమ్ము పెంచారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో పై వారెవరూ కాదు అన్న మీట ఓటు యంత్రం మీద చేరింది. అది కోపం చెప్పుకోవడానికి పనికివస్తుంది. దానికి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా దాని తరువాతి అభ్యర్థి గెలుస్తాడు. 1967లో 35 మంది స్వతంత్రులున్న లోక్‌సభకు 2024లో ఎన్నికైన స్వతంత్రులు ఏడుగురు.

కర్మాగారం కోసం 64 గ్రామాలవారు భూములు ఇచ్చారు. ఇంటికొక ఉద్యోగమన్న ఆశతో ఆర్ కార్డు పుచ్చుకున్నవారిలో అందరికీ ఉద్యోగాలు రాలేదు. ఈలోగా ప్రభుత్వాలు ఎన్నో మారాయి. 2021 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారంలోని తన వాటా మొత్తం అమ్మివేయడానికి నిర్ణయించినప్పుడు పాత నినాదం మళ్లీ వీథులలో వినబడింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించింది. 1966లో అన్ని పక్షాలనూ ఒక వేదిక మీద కూర్చోబెట్టిన మనిషి వంటివాడు ఈ తడవ ఎవరున్నారని మేము చుట్టూ చూశాము. సంఘాలు ఉన్నాయి, దీక్షా శిబిరాలు ఉన్నాయి. ప్రతి వేదిక మీదా ఏదో ఒక కండువా కనబడింది.

విద్యార్థులతో విశాఖపట్టణం వెళ్లినప్పుడు సముద్రపు ఒడ్డున కైలాసగిరి దిగువన తెన్నేటి పార్కులో ఆగాము. ప్రశ్న వేసిన విద్యార్థిని కూడా వచ్చింది. 2020 అక్టోబరులో తుఫాను గాలికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి అక్కడి రాళ్లమీదికి కొట్టుకువచ్చింది. పిల్లలలో చాలామందికి ఆ పార్కు ఆ ఓడ వల్లనే తెలుసు. ఆ పార్కు పేరు ఎవరిదో మేము చెప్పిన తరువాత ఆమె బోర్డు దగ్గర కాసేపు నిలబడి, ఆయన గుర్తు ఏమిటని అడిగింది. ఎన్నికల గుర్తు అని ఆమె ఉద్దేశం. మాకు తెలియదు. తెలుసుకుని చెబుతామని మళ్లీ ఒక బాకీ పడ్డాము.